ఏడు అన్నందుకు

సోమవారం ఉదయం ఆరున్నరకి బస్సు డిపో ఆడవాళ్ళ వాలీబాల్ జట్టులో ఒక అమ్మాయి ‘ఏడు’ అంది. ఆ మాట పూర్తయ్యేలోపే కోచ్ ఆమెని బెంచీ మీద కూర్చోబెట్టాడు.

అడిగింది ఊపిరి మేడమ్. ఆవిడ ఆటగాళ్ళ మనసు సంగతి చూసే మనిషి. కిందటి సీజన్లో జట్టులో ముగ్గురికి మోకాళ్ళూ చీలమండలూ పోయాక, ఈసారైనా దెబ్బలు తగ్గించాలని పైవాళ్ళు ఆవిడని పిలిపించారు. కాళ్ళకి దెబ్బ తగిలితే కట్టు కట్టేవాళ్ళు కావాలి గానీ కబుర్లు చెప్పేవాళ్ళెందుకని కోచ్ అన్నాడు. ఆవిడ వచ్చిన మొదటి రోజే అందర్నీ కోర్టులో వెల్లకిలా పడుకోబెట్టి ఊపిరి తీయించింది, వదిలించింది. ఇద్దరు గుర్రు పెట్టారు. ఆ పేరు ఆ రోజు పడింది.

సోమవారం ఆవిడ కొత్త పద్ధతి మొదలుపెట్టింది. గేటు దగ్గర చెప్పులు విప్పి బూట్లు తొడుక్కునే చోట నిలబడి ఒక్కొక్కరినీ ఒకటే అడిగింది. ఈ పూట మనసు మీద బరువెంత? ఒకటంటే దూది, పదంటే బండ. కారణం చెప్పక్కర్లేదు, అంకె చెబితే చాలు.

గిలక్కాయకి అంకెతో ఆపడం చేతకాదు. ఆమె సిటీ బస్సులో కండక్టరు. రోజంతా అరవడం అలవాటైన గొంతు. ఏడు అని, ఇంటాయన నెలాఖరుకల్లా ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడని, పాత్రలన్నీ మూటగట్టి ఉన్నాయని కూడా చెప్పేసింది. కోచ్ పక్కనే నెట్ తాడు బిగిస్తున్నాడు.

“ఏడా? అయితే కూర్చో,” అన్నాడు. “చెప్పులతోబాటు ఇంటి గొడవలు కూడా గేటు బయటే వదిలి రమ్మని మీకెన్నిసార్లు చెప్పాలి?”

గిలక్కాయ ఒక బూటు తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకుని వెళ్ళి బెంచీ మీద కూర్చుంది. శనివారం ఫైనల్. ఆ బెంచీ మీదికి ఎవరు వెళ్ళినా, తిరిగి లేచి రావడం ఎంత కష్టమో జట్టులో అందరికీ తెలుసు. మధ్యాహ్నానికల్లా కెప్టెన్ అందరి చెవినా ఒక మాట వేసింది. మేడమ్ ఎన్నిసార్లు అడిగినా ‘రెండు’ అనాలి.

మంగళవారం అందరూ రెండు అన్నారు. మూడు అనబోయిన ఒకామెకి వెనకనుంచి మోచెయ్యి తగిలింది. రెండో ఎక్కం జట్టంతటికీ బాగా వచ్చిందని మేడమ్ అంది. ఎవరూ నవ్వలేదు.

వరస చివర నిచ్చెన ఉంది. జట్టులో అందరికన్నా పొడుగు. నెట్ మధ్యలో నిలబడి అవతలివాళ్ళు కొట్టే బంతికి చేతులడ్డం పెట్టడం ఆమె పని. కిందటేడు దాకా ఆ చోటు జట్టందరూ పెద్దక్క అని పిలిచే ఆమెది. పెద్దక్క మోకాలు పోయి స్కోరు పలకల దగ్గరికి మారాక నిచ్చెనని పెట్టారు. ఆ చోటుతోబాటే బస్ స్టాండులో టికెట్ల కౌంటరు ఉద్యోగం వచ్చింది. ఇంకా పర్మనెంట్ కాలేదు. చోటు పోతే కౌంటరు కూడా పోతుందని ఆమె భయం.

“రెండు,” అంది నిచ్చెన. ఆ రోజుకి అది నిజానికి దగ్గరే.

పదకొండు గంటలకి కౌంటరులో ఉండగా ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. ఆమె పాప చెవి ఆపరేషన్‌కి ఇదివరకు వచ్చే నెల తేదీ ఇచ్చారు. ఇప్పుడు ఎవరో మానుకుంటే శనివారం పొద్దున ఖాళీ వచ్చిందట. ఈ డాక్టరు తర్వాత సెలవు మీద వెళ్తున్నాడు కాబట్టి వదులుకుంటే ఎప్పుడవుతుందో చెప్పలేమన్నారు. పాప ఒకటో తరగతి. క్లాసులో టీచరు చెప్పేది వినపడక పక్కపిల్ల పలకలోకి చూసి రాసుకుంటోంది. నిచ్చెన సరేనంది. ఫోను పెట్టేశాక, కిటికీ అవతల ఉన్న మనిషి ఏ ఊరు వెళ్ళాలన్నాడో గుర్తు రాక మళ్ళీ అడిగింది.

భర్త లారీ మీద లోడు వేసుకుని వెళ్ళాడు. ఆదివారానికి గానీ రాడు. సాయంత్రం అత్తగారితో చెప్పింది.

“దానికేముంది, నేనుంటానుగా,” అంది అత్తగారు. “పాపని నేను చూసుకుంటాను. నువ్వెళ్ళి ఆడుకో.”

మనసులో ఏమీ పెట్టుకోకుండానే ఆవిడ ఆ మాట అంది. ఆవిడ ఎప్పుడూ అలాగే అంటుంది. అయినా ‘ఆడుకో’ అన్న మాట నిచ్చెనకి ఆ పూట అన్నంలో రాయిలా తగిలింది. పాప పక్కన పడుకుని, మంచి చెవి దిండుకి ఆనించి నిద్రపోతున్న పిల్లని పిలిచి చూసింది. పాప కదల్లేదు.

బుధవారం కూడా ఆమె రెండే అంది.

ప్రాక్టీసు సగంలో, పక్క వరసలో ఎవరి చేతిలోంచో జారిన బంతి నెట్ కిందికి దొర్లింది. బంతి, బంతి అని నలుగురు అరిచారు. నిచ్చెన అప్పటికే గాల్లో ఉంది. కుడి పాదం బంతి అంచు మీద దిగింది. బంతి పక్కకి తన్నుకుపోయింది, ఆమె రెండు చేతులూ నేలకి ఆనించి కూలబడింది. అరచేతులు గీసుకున్నాయి. చీలమండ పట్టి చూసుకుంది. ఏమీ కాలేదు. పెద్దక్క చేతిలో స్కోరు పలకలు బెంచీ మీద పడేసి కుంటుకుంటూ పరుగెత్తుకొచ్చింది.

“కళ్ళెక్కడ పెట్టుకున్నావ్?” అన్నాడు కోచ్. “అంతమంది అరుస్తుంటే చెవినేసుకోవా? అజాగ్రత్త. కాళ్ళు విరిగేది అందుకే.”

ప్రాక్టీసయ్యాక మేడమ్ ఒక ఆట ఆడదామంది. బస్సులు తుడిచే గుడ్డలు రెండు తెచ్చింది, ఒకటి పసుపు, ఒకటి నీలం. నెట్‌కి ఒక కొసన తను నిలబడింది, రెండో కొసన పెద్దక్కని నిలబెట్టింది. ఒక్కొక్కరూ వచ్చి నెట్ మధ్య అల్లిక మీద చూపు నిలిపి, తల తిప్పకుండా, ఏ వైపు గుడ్డ ఎత్తితే ఆ రంగు చెప్పాలి. గిలక్కాయ బెంచీ మీంచి లేచొచ్చి, పసుపు, నీలం, మళ్ళీ పసుపు, పెద్దక్కా చెయ్యి దించు నొప్పెడుతుంది అని గడగడా చెప్పింది. ఇల్లు పోతున్న మనిషికి రెండు గుడ్డలూ కనపడ్డాయేమిటే అని ఎవరో అంటే, మూటలు కట్టేశాను, ఇంక చూడ్డానికి గుడ్డలేగా మిగిలాయి అంది.

నిచ్చెన వంతు వచ్చింది. అల్లిక మీద చూపు నిలిపింది. కాసేపు చూసి, మొదలుపెట్టండి మేడమ్ అంది.

అందరూ నవ్వారు. రెండు గుడ్డలూ అప్పటికే పైకెత్తి ఉన్నాయి.

మేడమ్ నవ్వలేదు. గుడ్డ మడిచి సంచీలో పెట్టుకుంది. నిచ్చెన కొళాయి దగ్గర అరచేతులు కడుక్కుంటుంటే పక్కన వచ్చి నిలబడింది. మనసు మీద బరువు పడితే కళ్ళు ఎదురుగా ఉన్నదాన్నే పట్టుకుంటాయనీ, పక్కలు మూసుకుపోతాయనీ చెప్పింది. అలాంటప్పుడు చెవి కూడా పిలుపుని ఆలస్యంగా అందుకుంటుందట. పిక్కలూ తొడలూ ముందే బిగుసుకుని ఉంటాయి కాబట్టి దిగేటప్పుడు మోకాలు వంగాల్సినంత వంగదట. అది అజాగ్రత్త కాదని రెండుసార్లు చెప్పింది.

నిచ్చెన కొళాయి కట్టేసింది. అప్పుడు పాప సంగతి చెప్పింది. చెప్పడం మొదలుపెట్టాక ఆపడం చేతకాలేదు. చివర, సార్‌తో అనకండి మేడమ్, మీకు దణ్ణం పెడతాను అంది.

“నేను అనను,” అంది మేడమ్. “తప్పు నాది. ఆయన వినే చోట నిలబడి అడిగాను. నిజం చెప్పిన పిల్లకి శిక్ష పడ్డాక ఇంకెవరు చెబుతారు? కానీ అమ్మా, ఆ బరువుతో నువ్వు గాల్లోకి లేస్తే కింద ఏముందో నీకు కనపడదు. ఇవాళ బంతి. శనివారం అది అవతలి పిల్ల కాలు అవుతుంది.”

వెళ్ళేముందు ఆవిడ ఒక పని అప్పజెప్పింది. తీసిన ఊపిరికన్నా వదిలే ఊపిరి పొడుగ్గా ఉండాలి. వదిలేటప్పుడు పళ్ళు వదులు చెయ్యాలి, భుజాలు దించాలి. తర్వాత కళ్ళు మూసుకుని, తను గెంతి దిగడం మనసులో చూసుకోవాలి. రెండు పాదాలూ ఒకేసారి ఆనడం, మోకాళ్ళు మెత్తగా వంగడం, పక్కన ఎవరున్నారో కూడా కనపడడం. దీంతో బరువు పోదు, పట్టు సడలుతుంది అంది.

ఆ మధ్యాహ్నం కౌంటరులో, ఒక బస్సు వెళ్ళి ఇంకో బస్సు రాకముందు, నిచ్చెన కళ్ళు మూసుకుంది. మూడోసారి గెంతి దిగుతుండగా అద్దం మీద నాణెంతో కొట్టిన చప్పుడైంది. ముసలాయన కన్నంలోంచి లోపలికి చూస్తున్నాడు.

“నిద్రొస్తే కాస్త మొహం కడుక్కో తల్లీ. నా బస్సు మాత్రం పోకుండా చూడు.”

పళ్ళు ఎంత గట్టిగా కరుచుకుని ఉందో ఆమెకి అప్పుడే తెలిసింది. దవడ నొప్పి పుట్టింది.

గురువారం డిపో గేటు దాటుతూ ఆమె కంట్రోలర్ కిటికీ దగ్గర ఆగింది. రోజూ చూసే దృశ్యమే. మొదటి ట్రిప్పు డ్రైవర్లు వరసలో నిలబడి ఉన్నారు. ఒక్కొక్కడూ, తాగాడో లేదో చూసే గొట్టంలోకి ఊదుతున్నాడు. కంట్రోలర్ తల ఎత్తకుండా, నిద్రపోయావా అని అడుగుతున్నాడు. ఒకతను, లేద్సార్, పిల్లాడికి జ్వరం, తెల్లార్లూ కూర్చున్నాం అన్నాడు. కంట్రోలర్ బోర్డు మీద అతని బండి పక్కనున్న పేరు తుడిచి, షెడ్డులో ఖాళీగా ఉన్న ఇంకొకడి పేరు రాశాడు. ఆ పిల్లాడికి మందేం వేశారని అడిగాడు. రేపు నీ బండికే రా అన్నాడు. డ్రైవరు సరేనని టిఫిన్ డబ్బా చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. వరసలో వెనకాలవాడు ముందుకి జరిగి ఊదాడు.

కోర్టు దగ్గర అందరూ బూట్లు తొడుక్కుంటున్నారు. రెండు, రెండు, రెండు అంటూ వరస ఆమె దాకా వచ్చింది. మేడమ్ గొంతు తగ్గించి, ఆమె వైపు చూడకుండా అడిగింది. కోచ్ ఎప్పట్లాగే నెట్ తాడు దగ్గర ఉన్నాడు.

“తొమ్మిది,” అంది నిచ్చెన పైకే.

కెప్టెన్ తల తిప్పింది. కోచ్ తాడు వదిలేసి వచ్చాడు. శనివారం పెట్టుకుని ఇదేం మాట అన్నాడు. నిచ్చెన లేచి నిలబడింది. నిలబడితే ఆయన కన్నా పొడుగు. అందుకని మళ్ళీ కూర్చుంది.

“సార్, మీరు బండి నడిపినన్నాళ్ళూ రోజూ ఆ కిటికీ దగ్గర ఊదారు కదా. నిద్ర లేదన్న డ్రైవర్ని ఆ పూట ఆపుతారు. మర్నాడు అతని బండి అతనికే ఇస్తారు. నిజం చెప్పాడని బండి లాక్కోరు. లాక్కుంటే ఏ డ్రైవరూ చెప్పడు. నిద్రమొహంతోనే ఎక్కుతాడు. మేం ఇక్కడ అలాగే ఎక్కుతున్నాం సార్. శనివారం పొద్దున మా పాపకి చెవి ఆపరేషన్.”

ఆయన ముప్పయ్యేళ్ళు బస్సు నడిపాడు. తర్వాత కొత్త డ్రైవర్లకి నేర్పాడు. తన చేతి కింద ఒక్క యాక్సిడెంటు లేదని చెప్పుకుంటాడు. నోరు తెరిచాడు గానీ, ఆయనకంటే ముందు బెంచీ దగ్గర్నుంచి పెద్దక్క మాట వచ్చింది. ఆమె స్కోరు పలకల్ని అంకెల వరసలో సర్దుతోంది. తల ఎత్తలేదు.

“నా మోకాలు పోయిన రోజు నాన్న ఆస్పత్రిలో ఉన్నాడు సార్. నేను ఎవరికీ చెప్పలేదు. మీరు అజాగ్రత్త అన్నారు. నేనూ అదే అనుకున్నాను, నిన్న ఆ గుడ్డ ఎత్తి పట్టుకునేదాకా.”

కోచ్ నెట్ దగ్గరికి వెళ్ళాడు. బిగించిన ముడి విప్పాడు. మళ్ళీ బిగించాడు. తర్వాత విజిల్ ఊది, అందర్నీ కోర్టు చుట్టూ పరుగెత్తమన్నాడు. నిచ్చెనని మాత్రం, నువ్వు గెంతకు, ఆ మూలనుంచి సర్వీసులు చేసుకో అన్నాడు. నెట్ మధ్యలో కెప్టెన్ని నిలబెట్టి ప్రాక్టీసు చేయించాడు.

నిచ్చెన మూలనుంచి బంతులు కొట్టింది. ఒక్కోటీ కొట్టేముందు ఊపిరి వదిలింది. చోటు పోయిందని అర్థమైంది. భుజాలు మాత్రం దిగే ఉన్నాయి. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి, శనివారం ఆస్పత్రికి నేనూ వస్తున్నాను అత్తయ్యా అంది. మరి ఆట అని అడిగింది అత్తగారు. లేదంది. ఆవిడ చేటలో బియ్యం కాసేపు అటూ ఇటూ జరిపింది. తర్వాత లేచి, పాపకి పెట్టాల్సిన రెండో గుడ్డుని నిచ్చెన కంచంలో వేసింది.

శుక్రవారం నిచ్చెన గేటు దగ్గరికి వచ్చేసరికి అందరూ చెప్పులతోనే నిలబడి ఉన్నారు. బూట్లు తొడుక్కునే చోట కోచ్ కూర్చుని ఉన్నాడు. మేడమ్ ఆయన వెనక, గోడకి ఆనుకుని ఉంది.

“ముందు నాది చెబుతాను,” అన్నాడు ఆయన. “ఆరు. ఎందుకని అడక్కండి.”

అడగబోయిన గిలక్కాయ నోరు కెప్టెన్ చేత్తో మూసింది.

“ఏడూ ఆ పైనా ఉన్నవాళ్ళు ఇవాళ నెట్ దగ్గర గెంతరు. కింది బంతులు తీసుకోండి, సర్వీసులు చెయ్యండి. చెప్పినందుకు ఎవరి చోటూ పోదు. పోతే నన్నడగండి.” ఆయన గొంతు సవరించుకున్నాడు. “నిచ్చెన రేపు రాదు. సోమవారం వస్తుంది. దాని చోటు దానిదే, పైవాళ్ళకి కూడా ఆ మాటే చెప్పి వచ్చాను. రేపు నెట్ దగ్గర గిలక్కాయ నిలబడుతుంది.”

“నేనా?” అంది గిలక్కాయ, కెప్టెన్ చేతి వెనకనుంచి. “నా చెయ్యి నెట్ పైకి రాదు సార్.”

“నోరు వస్తుందిగా. దాంతో ఆపు.”

అప్పుడు నవ్వారు. తర్వాత అంకెలు మొదలయ్యాయి. నాలుగు. ఏడు. ఆరు. కెప్టెన్ కాసేపు బూటు తాళ్ళు చూసుకుని ఎనిమిది అంది. మూడు రోజులుగా అందరి చేతా రెండు అనిపించిన మనిషి ఆమె. ఒకామె నిజంగానే రెండు అని, ఒట్టేసుకుంది. కోచ్ ఒక్కొక్కటీ విన్నాడు. ప్రాక్టీసులో గెంతులు సగానికి తగ్గించాడు. మధ్యలో రెండుసార్లు ఆట ఆపి, మేడమ్‌ని పిలిచి ఊపిరి తీయించమన్నాడు. తను మాత్రం తియ్యలేదు. నెట్ గుంజకి ఆనుకుని నిలబడ్డాడు. ఆయన భుజాలు దిగడం పెద్దక్క చూసి నిచ్చెనకి మోచెయ్యి తగిలించింది.

వెళ్ళిపోయేముందు నిచ్చెన కోచ్ దగ్గరికి వెళ్ళింది. మీ మేలు మర్చిపోను సార్ అంది. ఆయన బంతులు వలసంచీలో వేసుకుంటున్నాడు.

“మేలేముందమ్మా ఇందులో. కిటికీ దగ్గర నన్నొకసారి ఆపారు. మా ఆవిడకి నొప్పులొచ్చిన రాత్రి తర్వాత. మర్నాడు నా బండి నాకే ఇచ్చారు.” సంచీ మూతి లాగి కట్టాడు. “పాప అరటిపళ్ళు తినొచ్చా?”

తెలీదు, డాక్టర్ని అడుగుతాను అంది.

శనివారం ఉదయం ఎనిమిదింటికి పాపని లోపలికి తీసుకెళ్ళారు. తలుపు దాకా నిచ్చెన పక్కనే నడిచింది. పాప ఆమె వేలు వదల్లేదు. నిచ్చెన వంగి, మంచి చెవి దగ్గర, ఊపిరి మెల్లగా వదులు, పళ్ళు కరుచుకోకు అంది. తనూ వదిలి చూపించింది. పాప వదిలింది. వేలు కూడా వదిలింది. వెనకాల అత్తగారు గట్టిగా ఊదిన చప్పుడైంది. నువ్వెందుకు నానమ్మా అని పాప అడిగింది. నాకూ భయంగానే ఉందే అంది ఆవిడ.

తలుపు మూసుకున్నాక ఇద్దరూ బల్ల మీద కూర్చున్నారు. అక్కడ కోర్టులో ఆట మొదలయ్యే వేళకి డాక్టరు బయటికి వచ్చి, చెవిలో వేసిన పొర బాగా అతుక్కుంటుందని, వినికిడి సంగతి కట్టు విప్పాకే చెప్పగలనని, అరటిపండు తినొచ్చని చెప్పాడు. నిచ్చెన ఆయనకి దణ్ణం పెట్టింది. అత్తగారు కోడలి చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. బుధవారం గీసుకున్న అరచేతి మీద బొటనవేలితో రాసింది. నువ్విక్కడ ఉండబట్టి సరిపోయింది, నేనొక్కదాన్నే అయితే ఆ తలుపు దగ్గరే కూలబడేదాన్ని అంది.

సాయంత్రం అయిదు దాటాక జట్టంతా ఆస్పత్రికి వచ్చింది. చేతుల్లో ఆట సంచులతో, మీద చెమట ఆరిన జెర్సీలతో. అయిదో సెట్టులో ఓడిపోయారు. ఆ సంగతి గిలక్కాయ మెట్ల దగ్గర్నుంచే చెప్పడం మొదలుపెట్టింది. తను నాలుగు బంతులు ఆపానంది. రెండు అంది కెప్టెన్. మూడో సెట్టులో ఇంటాయన ఫోను గుర్తొచ్చి కాళ్ళు కొయ్యల్లా అయిపోతే తనే చెయ్యెత్తానని, సార్ మార్చారని, నాలుగో సెట్టులో మళ్ళీ పిలిచారని గిలక్కాయ చెప్పింది. ఆ సెట్టు గెలిచామంది. అది నిజమేనని కెప్టెన్ ఒప్పుకుంది.

నర్సు ఇద్దరినే లోపలికి రానిచ్చింది. కోచ్, మేడమ్ వెళ్ళారు. కోచ్ అరటిపళ్ళు మంచం కొసన పెట్టి, కోర్టులో అరిచినట్టే, ఎలా ఉందమ్మా అని అడిగాడు.

“అరవకు తాతా,” అంది పాప. “ఒక చెవి బాగానే ఉంది.”

మేడమ్ నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగింది. నిచ్చెన ఆవిడ చెయ్యి పట్టుకుంది. పాప ఒక అరటిపండు ఒలిచి, సగం విరిచి, కోచ్ చేతిలో పెట్టింది. ఆయన తిన్నాడు.

ఆరింటికి నర్సు వచ్చి, చూసేవాళ్ళ వేళ అయిపోయిందంది. లిఫ్టు స్ట్రెచర్లకే వాడుతున్నారు. నిచ్చెన మెట్ల దాకా వచ్చి పైన నిలబడింది. మూడంతస్తులూ అందరూ నడిచి దిగారు. కమ్మీ పట్టుకున్నది పెద్దక్క ఒక్కతే. ఆమె ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ ఆనించి దిగింది. మిగతావాళ్ళు ఎవరూ ఆమెని దాటి వెళ్ళలేదు.